జిప్సీ వెనక యాక్సిల్ ఆయిల్ లీకు: పని డైరీ

బండి మారుతి జిప్సీ కింగ్, ఎంజీ413డబ్ల్యూ, 1998 మోడల్, కార్బురేటర్ ఇంజను. ఉండేది విజయవాడలో, తిరిగేది ఎక్కువగా రంపచోడవరం, మారేడుమిల్లి వైపు. ఎడమ వెనక చక్రం లోపలి వైపు నుంచి ఆయిల్ కారుతోంది.

జిప్సీ 1985 చివర్లో 970 సీసీ ఇంజనుతో మార్కెట్లోకి వచ్చింది. 1.3 లీటర్ల ఇంజనుతో కింగ్ వచ్చింది 1996లో. ఆర్మీ, పోలీసులు ఏళ్ల తరబడి నమ్ముకున్న బండి ఇది. లాడర్ ఛాసిస్ (నిచ్చెన లాంటి ఇనప చట్రం), నాలుగు పక్కలా లీఫ్ స్ప్రింగులు, ముందూ వెనకా ఒకే ముక్కగా ఉండే గట్టి యాక్సిళ్లు. ఇంత సాదాగా ఉంటుంది కాబట్టే పాతికేళ్లు దాటినా ఇంటి ముందు విప్పి బిగించుకోగలుగుతున్నాం. నాకు ఈ బండి మీద ప్రేమ ఉండటానికి అదే పెద్ద కారణం.

యాక్సిల్ చివర, ఆయిల్ చక్రం వైపు రాకుండా ఆపే సీల్‌ని ఇంతకుముందు ఒక గ్యారేజీలో మార్పించాను. ఏడాది తిరక్కుండానే మళ్లీ తడి కనిపించింది. సీల్ అనేది చిన్న రబ్బరు ముక్క. కొత్తది వేసినా పోయిందంటే దాన్ని పాడు చేసేది ఇంకేదో పక్కనే ఉన్నట్టు. ఈసారి ఆ కారణం దొరికే దాకా బండి బిగించకూడదని అనుకుని మొదలుపెట్టాను.

శనివారం ఉదయం

ముందు కారేది ఏ ఆయిలో తేల్చుకోవాలి. వెనక చక్రం దగ్గర తడి కనిపిస్తే మూడు అనుమానాలు రావాలి: క్రౌన్ (యాక్సిల్ మధ్యలో చక్రాలని తిప్పే గేర్లు) ఆయిల్, బ్రేక్ ఆయిల్, బేరింగు నుంచి కరిగి వచ్చిన గ్రీజు. తెల్ల గుడ్డతో తుడిచి చూశాను. చిక్కగా, నల్లగా ఉంది. ముక్కు దగ్గర పెడితే గంధకం ఘాటు. క్రౌన్ గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి విపరీతమైన ఒత్తిడితో జారుతూ తిరుగుతాయి. ఆ ఒత్తిడికి తట్టుకోవడానికి గేర్ ఆయిల్లో గంధకం, భాస్వరం ఉన్న మందులు కలుపుతారు. ఆ వాసన ఒకసారి తెలిస్తే మర్చిపోలేం. బ్రేక్ ఆయిల్ అయితే నీళ్లలా పల్చగా ఉంటుంది, పెయింటు మీద పడితే పెయింటే లేచిపోతుంది. కాబట్టి ఇది క్రౌన్ ఆయిలే.

తర్వాత ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. బండి నడుస్తుంటే గాలికి ఆయిల్ వెనక్కి, పక్కలకి పాకుతుంది. అందుకే తడి ఉన్న చోటే లీకు ఉందనుకోకూడదు. యాక్సిల్ హౌసింగంతా కిరోసిన్‌తో కడిగి, ఆరాక ట్యూబు చివరి దాకా టాల్కం పౌడరు చల్లి, బెంజ్ సర్కిల్ దాకా ఒక చుట్టు తిప్పుకొచ్చాను. క్రౌన్ ముందు భాగంలో ప్రొపెల్లర్ షాఫ్ట్ చేరే చోట పౌడరు పొడిగానే ఉంది. అంటే పినియన్ సీల్ బాగున్నట్టు. ఎడమ చక్రం వెనక, బ్రేక్ ప్లేటు అడుగున మాత్రం పౌడరు ముద్దయిపోయి నల్లటి చార కిందికి దిగింది. కుడి పక్క పొడిగా ఉంది.

ఎడమ పక్కే ఎందుకు? మన దేశంలో ఎడమ వైపు నడుపుతాం, రోడ్డు అంచు వైపుకి వాలుగా ఉంటుంది, ఆపేటప్పుడు కూడా ఎడమ చక్రాలు మార్జిన్లోకి దిగుతాయి. ఆయిల్ ఆ పక్కకే చేరుతుంది. లీకుకి అదే కారణం అని నేను అనను, కానీ బలహీనపడిన సీల్ ఎడమ పక్కన ముందు బయటపడటానికి అది చాలు.

ఇది తెలిశాక బండి బయటికి తియ్యలేదు. క్రౌన్ ఆయిల్ బ్రేక్ షూల మీద పడితే ఆ చక్రానికి బ్రేకు ఉన్నట్టే ఉండి పట్టదు. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ దిగేటప్పుడు అలాంటి బండిలో కూర్చోవడం నా వల్ల కాదు, ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టడం అసలే కాదు.

శనివారం మధ్యాహ్నం

బండిని చదునైన గచ్చు మీద పెట్టి, ముందు చక్రాలకి రెండు పక్కలా చెక్క దిమ్మెలు అడ్డం పెట్టాం. పైకెత్తాక స్టాండ్ల మీద కూర్చోబెట్టాం. జాకీ మీద నిలబడ్డ బండి కింద చెయ్యి కూడా పెట్టకూడదు. నాతో మా బావమరిది ఉన్నాడు, వెనక భాగం ఎత్తినప్పుడు రెండో మనిషి ఉండటం మంచిది.

ఆయిల్ దించే ముందు పైన ఉన్న ఫిల్లర్ ప్లగ్గు విప్పాలి. అడుగు ప్లగ్గు ముందు విప్పేసి, ఆయిలంతా పోయాక పైది తుప్పు పట్టి రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. మాది చాలా బిగుసుకుపోయింది. తుప్పు వదిలే స్ప్రే కొట్టి, టీ తాగి వచ్చి, పొడుగు పైపు తగిలించిన హ్యాండిల్‌తో లాగితే కదిలింది.

అడుగు ప్లగ్గు తీస్తే వచ్చిన ఆయిల్ చూసి ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. వెనక క్రౌన్‌లో ఒకటిన్నర లీటరు ఉండాలి, లీటరు కూడా రాలేదు. పైగా నల్లగా ఉండాల్సింది కాఫీలో పాలు కలిపినట్టు ఉంది. అంటే నీళ్లు కలిశాయి. అయస్కాంతం పెట్టి కలిపితే సన్నటి బూడిద లాంటి ముద్ద అంటుకుంది తప్ప చెక్కులు, పంటి ముక్కలు లేవు. గేర్లు బతికే ఉన్నాయి.

నీళ్లు ఎలా వెళ్తాయి? ఇక్కడే బ్రీదర్ గుర్తొచ్చింది. యాక్సిల్ హౌసింగ్ పైన గాలి వదిలే చిన్న మూతి ఉంటుంది. బండి నడిచి ఆయిల్ వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచిస్తుంది, ఆ మూతి గుండా బయటికి పోతుంది. ఆ దారి మూసుకుపోతే ఒత్తిడి సీళ్ల మీద పడి, ఆయిల్ సీల్ పెదవి దాటి బయటికి తోసుకొస్తుంది. ఇక వేడి యాక్సిల్ వాగులో దిగితే దీనికి తలకిందులు జరుగుతుంది. లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది, ఎక్కడ సందు ఉంటే అక్కడి నుంచి నీళ్లు లాక్కుంటుంది. కిందకి దూరి చూస్తే బ్రీదర్ మీద ఎర్రమట్టి గట్టిపడి రాయిలా ఉంది. సూదితో గోకాల్సి వచ్చింది. వానాకాలంలో మారేడుమిల్లి వాగులు దాటిన మట్టే అది.

సీల్ మార్చిన చాలా బళ్లల్లో ఈ చిన్న మూతిని ఎవరూ చూడరు. ఖర్చు లేదు, విప్పే పని లేదు. లీకు పేరు చెప్పగానే ముందు చెయ్యి వెయ్యాల్సింది దీని మీదే అని నా గట్టి అభిప్రాయం.

ఆదివారం

చక్రం తీశాక డ్రమ్ము ఒక పట్టాన రాలేదు. డ్రమ్ము మీద రెండు మరల రంధ్రాలు ఉంటాయి, 8 ఎంఎం బోల్టులు రెండూ ఎక్కించి ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగిస్తే డ్రమ్మే బయటికి జరుగుతుంది. సుత్తితో అంచు మీద కొడితే పోత ఇనుము పగిలిపోయే ప్రమాదం ఉంది.

లోపల అనుకున్నట్టే ఉంది. షూలు నానిపోయాయి, అడుగున నల్లటి బురద. దుమ్ముని గాలి కొట్టి ఊదలేదు, తడి గుడ్డతోనే తుడిచాం. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు. ఆయిల్ తాగిన షూలని పెట్రోల్‌తో కడిగి, మంట మీద కాల్చి మళ్లీ వేసే అలవాటు చాలాచోట్ల ఉంది. పైకి ఆరినట్టు కనిపిస్తాయి, బ్రేకు వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్లీ పైకి ఊరుతుంది. కొత్త షూలు వేయాల్సిందే, అదీ రెండు పక్కలా. ఒక పక్క కొత్తవి, ఒక పక్క పాతవి ఉంటే బ్రేకు నొక్కగానే బండి పక్కకి లాగుతుంది.

క్రౌన్ నుంచి చక్రాన్ని తిప్పే యాక్సిల్ షాఫ్ట్ తియ్యడానికి బ్రేక్ పైపు విప్పి, చివర రబ్బరు మూత తొడిగి, బ్రేక్ ప్లేటుని హౌసింగ్‌కి పట్టి ఉంచే నాలుగు నట్లు తీశాం. జిప్సీలో షాఫ్టు, బేరింగు, బ్రేక్ ప్లేటు అన్నీ కలిసే బయటికి వస్తాయి. లాగడానికి స్లైడ్ హ్యామర్ (కడ్డీ మీద బరువు జార్చి గుంజే పనిముట్టు) ఉంటే సరే, లేకపోతే డ్రమ్ముని తిరగేసి స్టడ్ల మీద వదులుగా పెట్టి, నట్లు చివరి మరల మీద ఉంచి, డ్రమ్ముని బయటికి గట్టిగా గుంజితే అదే సుత్తిలా పని చేస్తుంది. కాసేపు గుంజాక టప్పున వదిలింది.

షాఫ్ట్ చేతిలోకి వచ్చాక లీకు కథంతా కనిపించింది. సీల్ రుద్దుకునే చోట మెరిసే పట్టీ ఉంది, గోరుతో అడ్డంగా గీస్తే ఎక్కడా పట్టలేదు. గాడి పడలేదన్నమాట. గాడి ఉంటే కొత్త సీల్ వేసినా ఆ గాడిలోంచే ఆయిల్ వస్తుంది. అప్పుడు పలచటి స్టీలు తొడుగు ఎక్కించాలి, లేదా సీల్‌ని కాస్త ముందుకో వెనక్కో జరిపి కొత్త చోట కూర్చోబెట్టాలి. ఆ అవసరం రాలేదు.

బేరింగు మాత్రం పోయింది. షాఫ్ట్‌ని నిలువుగా పట్టుకుని బయటి రింగు తిప్పితే గరగర, పక్కకి ఊపితే కదలిక. ఇది జిప్సీకి పెద్ద విషయం. వెనక షాఫ్ట్ చక్రాన్ని తిప్పడమే కాదు, బండి బరువునీ మోస్తుంది. దాన్ని నడిమధ్యన పట్టి ఉంచేది ఈ ఒక్క బేరింగే. అది అరిగితే షాఫ్ట్ తిరుగుతూ వణుకుతుంది. సీల్ పెదవి రబ్బరు ఆ వణుకుని కొంతవరకే అనుసరించగలదు, ఆ తర్వాత ప్రతి చుట్టుకీ ఒక సందు తెరుచుకుంటుంది. ఇంతకుముందు వేయించిన కొత్త సీల్ ఏడాది కూడా ఎందుకు నిలవలేదో ఇప్పుడు అర్థమైంది: మూసుకున్న బ్రీదర్ వెనక నుంచి తోస్తోంది, అరిగిన బేరింగు ముందు నుంచి సందు ఇస్తోంది.

హౌసింగ్‌లో మిగిలిన పాత సీల్‌ని స్క్రూడ్రైవర్‌కి చిన్న చెక్క ఆనిచ్చి పైకి లేపాను. అది కూర్చునే గోడ మీద గీత పడితే కొత్త సీల్ బయటి అంచు నుంచి కారుతుంది, కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. పాత సీల్ పెదవి ముట్టుకుంటే ప్లాస్టిక్‌లా గట్టిగా ఉంది.

సోమవారం, ఆటోనగర్

విజయవాడలో ఉండి పాత బండి పెట్టుకున్నవాళ్లకి ఆటోనగర్ ఒక వరం. ఏ బండి పార్టయినా చేత్తో పట్టుకుని వెళ్తే దానికి జత దొరుకుతుంది, లేకపోతే చేసే మనిషి దొరుకుతాడు. పాత సీల్ మీద మూడు అంకెలు ఉంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. అరిగిపోయి కనిపించకపోతే వెర్నియర్‌తో కొలవాలి. షాపులో సీల్‌తో పాటు బేరింగు, బేరింగుని పట్టి ఉంచే రింగు, రెండు పక్కలకీ షూలు, వీల్ సిలిండర్ (షూలని డ్రమ్ముకి నెట్టేది) రబ్బరు కప్పులు తీసుకున్నాను. కుడి పక్క సీల్ కూడా తీసుకున్నాను. ఆ పక్క విప్పితే బేరింగు బాగుందో లేదో ఎలాగూ తెలుస్తుంది.

షాపులో ఒకాయన మంచి మనసుతోనే సలహా ఇచ్చారు: "140 ఆయిల్ పోసెయ్యండి సార్, చిక్కగా ఉంటుంది, కారదు." చాలామంది చేసేదే. చిక్కటి ఆయిల్ కారడం నెమ్మదిస్తుంది, నిజమే. కానీ నా బేరింగు అలాగే గరగరలాడుతుంది, బ్రీదర్ అలాగే మూసుకుని ఉంటుంది. నాకు ఆ ఆయిల్ వద్దు.

లేత్ షాపులో మేస్త్రి గారు షాఫ్ట్ అందుకోగానే బేరింగు తిప్పి నా చెవి దగ్గర పెట్టారు.

"విన్నారా? ఇది ఇవాళ్టి జబ్బు కాదు."

"రింగు కూడా కొత్తది తెచ్చానండి. పాతది వద్దు."

"పాతది నేనూ వెయ్యను సార్. చక్రం ఊడొస్తే ఎవరు జవాబు చెప్తారు?"

ఆయన మాటలో అతిశయం లేదు. ఈ యాక్సిల్‌లో షాఫ్ట్‌ని హౌసింగ్ లోపల ఆపేది బేరింగు, బేరింగుని షాఫ్ట్ మీద ఆపేది ఈ రింగు. అది కేవలం బిగుతు మీద నిలబడుతుంది, నట్టూ లేదు, పిన్నూ లేదు. ఒకసారి తీసిన రింగుకి ఆ బిగుతు ఉండదు. అది జారితే షాఫ్టు, డ్రమ్ము, చక్రం అన్నీ కలిసి పక్కకి వచ్చేస్తాయి. కొందరు వదులైన రింగుకి వెల్డింగు చుక్క పెడతారు. ఆ వేడికి షాఫ్ట్‌కి ఇచ్చిన టెంపర్ (కాచి తెచ్చిన గట్టిదనం) పోతుంది, తర్వాత విరిగేది అక్కడే. ఎవరైనా అలా చేస్తానంటే షాఫ్ట్ తీసుకుని వచ్చెయ్యండి.

మేస్త్రి గారు పాత రింగుని రెండు చోట్ల గ్రైండర్‌తో పలచగా అరగదీశారు, షాఫ్ట్‌ని తాకకముందే ఆపారు. పలచబడ్డ చోట ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే పగిలి వదులైంది. పుల్లర్‌తో బేరింగు, దాని వెనకే బ్రేక్ ప్లేటు వచ్చాయి. కొత్తవి ఎక్కించేటప్పుడు ముందు బ్రేక్ ప్లేటు, తర్వాత బేరింగు, తర్వాత రింగు. బ్రేక్ ప్లేటు మర్చిపోతే కొత్త రింగు మళ్లీ పగలగొట్టాలి, అందుకే పక్కన నిలబడి వరస చూసుకున్నాను. ప్రెస్సు ఒత్తిడి బేరింగు లోపలి రింగు మీదే పడేలా సరిపోయే గొట్టం పెట్టారు. బయటి రింగు మీద నొక్కితే గుండ్ల మీద ఒత్తిడి పడి కొత్త బేరింగు అక్కడే దెబ్బతింటుంది. రింగు కూర్చునేటప్పుడు ప్రెస్సు ఎంత కష్టపడుతోందో గేజీలో చూపించారు. సులువుగా దిగితే రింగు వదులని అర్థం. మాది చివరిదాకా గట్టిగానే దిగింది.

బుధవారం సాయంత్రం

సీల్ కూర్చోబెట్టడం. హౌసింగ్ లోపలి గోడని పెట్రోల్ గుడ్డతో తుడిచి, సన్న ఎమరీతో తుప్పు మరకలు తీశాను. సీల్‌లో సన్నటి స్ప్రింగు కనిపించే వైపు ఆయిల్ ఉన్న వైపుకి, అంటే క్రౌన్ వైపుకి ఉండాలి. పెదవికి గ్రీజు రాశాను. పొడిగా తిరిగితే మొదట్లోనే రబ్బరు దెబ్బతింటుంది. సీల్ బయటి అంచుకి సరిపోయే పైపు ముక్క పెట్టి, చుట్టూ సమానంగా తడుతూ లోపలికి దించాను. వంకరగా దిగితే అప్పుడే తీసి కొత్తది వెయ్యాలి, అదృష్టం కొద్దీ తిన్నగా కూర్చుంది.

ఈ పనిలో నాకు టెన్షన్ ఇచ్చిన ఘట్టం షాఫ్ట్‌ని తిరిగి లోపలికి పంపడం. షాఫ్ట్ చివర పళ్లు పదునుగా ఉంటాయి. బరువుకి షాఫ్ట్ కిందికి వాలి, ఆ పళ్లు సీల్ పెదవి మీద రాసుకుంటే కొత్త సీల్ మొదటి రోజే కోసుకుపోతుంది. "కొత్త సీల్ వేసినా కారుతోంది" అనే ఫిర్యాదుల్లో ఇలాంటివి తక్కువేం ఉండవు. బావమరిది బయటి వైపు బరువు మోశాడు, నేను టార్చి వెలుగులో చూస్తూ షాఫ్ట్‌ని సీల్ మధ్యలోంచి ముట్టకుండా దాటించాను. చివర క్రౌన్ పళ్లల్లో కుదరడానికి కొంచెం తిప్పాల్సి వచ్చింది, తర్వాత జారి కూర్చుంది.

బ్రేక్ ప్లేటు, హౌసింగ్ కలిసే చోట పాత పేస్టు గీకేసి, తుడిచి, సన్నగా అనబాండ్ (సందులు మూసే పేస్టు) రాసి నాలుగు నట్లు ఎదురెదురుగా బిగించాం. ఎక్కువ రాస్తే మిగిలినది లోపలికి ఊడి ఆయిల్లో తిరుగుతుంది.

కుడి పక్క కూడా విప్పాం. అక్కడ బేరింగు నిశ్శబ్దంగా, కదలిక లేకుండా ఉంది కాబట్టి దాన్ని ముట్టుకోకుండా సీల్ మాత్రం మార్చాం. రెండు పక్కలా కొత్త షూలు, సిలిండర్లకి కొత్త కప్పులు. పైపులు బిగించి, బ్రేకుల్లోంచి గాలి పూర్తిగా పోయేదాకా బ్లీడ్ చేశాం.

బ్రీదర్‌కి ఒక రబ్బరు గొట్టం తొడిగి, స్ప్రింగు ఆడినప్పుడు లాగుడు పడకుండా వదులు ఉంచి, బాడీ లోపల ఎత్తులో కట్టాను. గొట్టం చివర కిందికి వంచి చిన్న పెట్రోల్ ఫిల్టర్ పెట్టాను. వాగు నీళ్లు అంత ఎత్తుకి వస్తే బండి అక్కడికి దిగనే దిగకూడదు.

ఆయిల్ విషయం. ఇది హైపాయిడ్ (పళ్లు జారుతూ కలిసే రకం) క్రౌన్, జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ పోశాను. ముందు కొంచెం చవక ఆయిల్ పోసి, చక్రాలు చేత్తో తిప్పి దించేశాను, లోపల మిగిలిన నీటి చెమ్మ దాంతో కొంత బయటికొచ్చింది. తర్వాత అసలు ఆయిల్, బండి చదునుగా ఉండగా ఫిల్లర్ రంధ్రం అంచు నుంచి కారడం మొదలయ్యేదాకా. అంతకన్నా ఎక్కువ పట్టించడానికి బండి వంచి పోయకూడదు, ఎక్కువైన ఆయిల్ కూడా సీళ్ల మీదే పడుతుంది. దించిన పాత ఆయిలంతా డబ్బాలో పోసి వేస్టాయిల్ కొనేవాళ్లకి ఇచ్చాను, కాలవలో పోస్తే అది వెళ్లేది మన పొలాల్లోకే.

శనివారం

తెల్లవారుజామున బయల్దేరి రాజమండ్రి మీదుగా మారేడుమిల్లి వెళ్లొచ్చాం. ముందుగా ఖాళీ రోడ్డు మీద చిన్న వేగంలో బ్రేకులు నొక్కి చూశాను, బండి తిన్నగా ఆగింది. కొత్త షూలు డ్రమ్ముకి అలవాటు పడేదాకా గట్టి బ్రేకులు వేయలేదు. దారిలో ఆగినప్పుడల్లా వెనక రెండు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను, రెండూ ఒకే మాదిరి గోరువెచ్చగా ఉన్నాయి. ఒకటి మాత్రమే కాలిపోతుంటే బేరింగు గానీ షూ గానీ పట్టేస్తోందని అర్థం. ఎన్నాళ్లుగానో వెనక నుంచి వినిపించే హోరు శబ్దం పోయింది. దాన్ని నేను టైర్ల చప్పుడనుకునేవాణ్ని.

ఇంటికొచ్చి రాత్రంతా ఎడమ చక్రం కింద అట్టముక్క పరిచి ఉంచాను. పొద్దున చూస్తే పొడిగా ఉంది. బ్రేక్ ప్లేటు అడుగున వేలితో తుడిస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఫిల్లర్ ప్లగ్గు విప్పి చూశాను, మట్టం తగ్గలేదు, ఆయిల్ రంగు మారలేదు. కొత్త ఆయిల్లో మళ్లీ పాల రంగు తేలుతుందేమో వానాకాలం అయ్యాక ఒకసారి దించి చూస్తాను.

కింద దూరినప్పుడు ముందు యాక్సిల్ కూడా చూశాను. ఎడమ ముందు చక్రం దగ్గర, స్టీరింగు తిరిగే గుండ్రటి భాగం మీద గ్రీజూ ఆయిలూ కలిసిన తడి ఉంది. అక్కడి సీళ్ల కిట్‌కి ఆటోనగర్‌లో ఆర్డర్ ఇచ్చాను. అది వచ్చేలోపు ముందు బ్రీదర్ ఊడదీసి శుభ్రం చేసి, దానికీ గొట్టం తొడగాలి.